నిమిషానికో బిట్టు, పావుగంటకో లెక్క

ఈసారి ఉత్తరం నల్గొండ జిల్లా నుంచి ఒక అమ్మాయి రాసింది. పేరు, ఊరు వేయొద్దంది. హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికొచ్చి, లాంగ్ నోట్‌బుక్‌లోంచి నాలుగు కాగితాలు చింపి రెండు వైపులా నింపి పంపింది. అందులోని విషయం ఇది.

వాళ్ల నాన్న ఎరువుల దుకాణం నడుపుతారు. పదో తరగతిలో ఈ అమ్మాయి బడికి ఫస్టు రావడంతో, ఐఐటీ సీటు ఆశతో పట్నంలో చేర్పించారు. ఫస్టియర్ పబ్లిక్ పరీక్షల్లో 470కి 458 వచ్చాయి. వారం వారం పెట్టే జేఈఈ మెయిన్స్ మోడల్ టెస్టుల్లో మాత్రం 300కి 90 దాటడం లేదు. చేసినవి చాలావరకు కరెక్టే, కానీ 30 ప్రశ్నలు అయ్యేసరికే టైం అయిపోతోంది. జులైలో పై సెక్షన్ నుంచి కిందికి మార్చారు. ఒకరోజు స్టడీ అవర్‌లో, వరుసగా నాలుగు సంఖ్యలను గుణించి ఒకటి కలిపితే ఎప్పుడూ ఏదో ఒక సంఖ్యకు వర్గమే ఎందుకొస్తోందో కనిపెట్టే పనిలో పడి వర్క్‌షీట్ పక్కన పెట్టింది. ఆ రోజు అందరి ముందూ నిలబెట్టారు. తర్వాత ఒక కుర్ర లెక్కల సారు ఆ కాగితం చూసి, "ఐఎస్ఐ, ఐసర్ అని లెక్కలు, సైన్సు చెప్పే సంస్థలు ఉంటాయి, చూసుకో. నేను చెప్పానని అనకు" అన్నాడట. ఇంట్లో ఆ మాట ఎత్తితే నాన్న, "ఇంత పైసలు పెట్టి సదివిస్తుంటే ఇప్పుడు ఉత్త లెక్కలు సదువుతనంటవేంది బిడ్డా? ఇంజనీరింగు గాకుంటే ఏం జేస్తవు?" అన్నారు. ఆమె అడిగినవి మూడు: ఏ పరీక్షలు రాయాలి, జేఈఈ ఇప్పుడే వదిలేయవచ్చా, నాన్నకు ఎలా చెప్పాలి. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంది: "నెల రోజులుగా రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, బాత్రూంలో నల్లా తిప్పి ఏడుస్తున్నాను."

తల్లీ,

పరీక్షల గురించి ఏడు పేజీలు రాసి, ఏడుపు గురించి ఒక్క లైను రాశావు. నేను ముందు ఆ ఒక్క లైను దగ్గరే ఆగుతాను. నల్లా శబ్దంలో ఏడవాల్సి వస్తోందంటే నీ మీద పడ్డ బరువు పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా మోయాల్సింది కాదు. సెలవులు అయిపోయేలోపు ఈ మాట మీ అమ్మకు చెప్పు. పరీక్షల సంగతి ఏమీ ఎత్తకుండా, ఇదొక్కటే చెప్పు. హాస్టల్‌కి వెళ్లాక కూడా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, 14416 అనే నంబరు రాసి పెట్టుకో. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, అర్ధరాత్రి చేసినా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినా తెల్లారేదాకా ఆగకు. పక్క మంచంలో పిల్లను లేపు, వార్డెన్‌ను లేపు, నాన్నకు ఫోన్ చేయించు. ఏ పరీక్షకైనా మళ్లీ అవకాశం ఉంటుంది. ఆ పని అయ్యాకే కింద రాసింది చదువు.

ఇక సెక్షన్ మాట. నేను ముప్ఫయ్యేళ్లు జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పాను. సెక్షన్లు విడగొట్టేది వారం వారం టెస్టులో ఎవరు వేగంగా చేశారన్న దాన్ని బట్టి. నీకు లెక్క వచ్చా రాదా అన్నది అందులో తేలదు. నీ లెక్కే చూడు: 30 చేసి 24 కరెక్టు పెట్టే పిల్లకు విషయం అర్థం కాలేదని ఎవరంటారు? నీకు తక్కువైంది వేగం. ఆ వేగం కొన్ని పరీక్షలకు ప్రాణం, కొన్నిటికి అంత అవసరం లేదు. మీ కాలేజీలో ఎవరూ ఈ తేడా చెప్పి ఉండరు. హోర్డింగుల మీద పడేది ఒక్క పరీక్ష ర్యాంకులే కదా.

అందుకే నీ పరీక్షలన్నిటినీ ఒకటే గజంతో కొలిచి చూపిస్తాను: ఒక ప్రశ్నకు ఎంతసేపు ఇస్తారు?

మన ఎంసెట్‌లో, అంటే ఇప్పటి తెలంగాణ ఈఏపీసెట్‌లో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు. బిట్స్ పిలానీ వాళ్ల బిట్‌శాట్‌లో అదే మూడు గంటలకు 130, అంటే ఒక్కోదానికి నిమిషం ఇరవై సెకన్ల పైచిలుకు. జేఈఈ మెయిన్స్‌లో 75 ప్రశ్నలు, దాదాపు రెండున్నర నిమిషాలు. ఐసర్ వాళ్ల ఆప్టిట్యూడ్ టెస్టులో 60 ప్రశ్నలు, కచ్చితంగా మూడేసి నిమిషాలు. ఇక ఆ సారు చెప్పిన ఐఎస్ఐ, అంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఒకే రోజు రెండు పూటలా పరీక్ష పెడుతుంది. పొద్దున రెండు గంటల్లో 30 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. మధ్యాహ్నం రెండు గంటల్లో ఎనిమిదే ఎనిమిది లెక్కలు, మెట్టు మెట్టుగా రుజువుతో రాయాలి. లెక్కకు పావుగంట. స్టడీ అవర్‌లో నువ్వు చేసినందుకు తిట్లు తిన్నావే, సరిగ్గా ఆ పనికే అక్కడ మార్కులు వేస్తారు.

ఇది విని ఎగిరి గంతేయకు. పావుగంట ఇస్తున్నారంటే ఆ లెక్క పావుగంట ఆలోచిస్తే తప్ప లొంగదని. దేశం నలుమూలల నుంచీ లెక్కల పిచ్చి ఉన్న పిల్లలు వస్తారు, సీట్లు చాలా తక్కువ. ఐఎస్ఐ డిగ్రీల్లో స్టాటిస్టిక్స్‌ది, అంటే బీస్టాట్, కోల్‌కతాలో; లెక్కలది, అంటే బీమ్యాథ్, బెంగళూరులో. ట్యూషన్ ఫీజు దాదాపు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఇలాంటిదే చెన్నై శివార్లలో సిఎంఐ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. దాని ప్రవేశ పరీక్షలోనూ రాత భాగం ఉంటుంది. వీటి పాత ప్రశ్నపత్రాలు వాళ్ల సైట్లలోనే దొరుకుతాయి. ఈ సెలవుల్లో ఒక మధ్యాహ్నం, దుకాణం వెనక గదిలో కూర్చుని, గడియారం పెట్టుకుని ఐఎస్ఐ రాత పేపరు ఒకటి చెయ్యి. ఎనిమిదిలో రెండు పూర్తిగా, ఒకటి సగం వచ్చినా నీకు దారి ఉన్నట్టే, మిగతాది అభ్యాసం మీద వస్తుంది. ఒక్కటీ కదలకపోయినా, రెండు గంటలు నీకు బరువుగా గడిచాయా, ఇష్టంగా గడిచాయా అన్నది గమనించు. నా సలహా కన్నా ఆ కాగితమే నీకు ఎక్కువ చెబుతుంది.

ఐసర్ సంగతి వేరు. అక్కడ ఉత్త లెక్కలు కుదరవు. ఏడు ఐసర్లున్నాయి, మనకు దగ్గరిది తిరుపతిలో. ఐదేళ్ల బీఎస్ ఎంఎస్. పరీక్షలో 60 ప్రశ్నలు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగింటికీ పదిహేనేసి. నువ్వు ఎంపీసీ కాబట్టి 240 మార్కుల్లో బయాలజీవి 60 దాదాపు చేజారతాయి, మిగతా మూడింట్లో గట్టిగా రావాలి. ఎంపీసీ వాళ్లు అలాగే సీటు తెచ్చుకుంటున్నారు, అసాధ్యమేం కాదు. కానీ చేరాక తొలి ఏళ్లలో బయాలజీ కూడా చదవాల్సి ఉంటుంది. ఫిజిక్స్ అంటే నీకు అంతంతమాత్రమే అని రాశావు కాబట్టి ముందే చెబుతున్నాను. బెంగళూరు ఐఐఎస్సీ కూడా తన బీఎస్ కోర్సుకు ఈ స్కోరు తీసుకుంటుంది.

నీలాంటి వాళ్లకు ఎవరూ చెప్పని పరీక్ష ఇంకొకటి ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీకి సొంతంగా యూజీఈఈ పెడతారు. అందులో ఒక భాగం మామూలు సబ్జెక్టులది, రెండోది కొత్త పరిస్థితి ఇచ్చి ఎలా ఆలోచిస్తావో చూసేది. అందులో గట్టెక్కిన వాళ్లకు ఇంటర్వ్యూ. కంప్యూటర్ సైన్సూ వస్తుంది, పరిశోధనా వస్తుంది, ఇంటికీ దగ్గర. కానీ ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది. దుకాణం మీద ఎంత అప్పుందో తెలియకుండా దీని గురించి మాట్లాడకు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మ్యాథమెటికల్ సైన్సెస్ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. సబ్జెక్టుకు గంటలో 50 ప్రశ్నలు, అంటే మళ్లీ వేగమే, కానీ ప్రశ్నలు జేఈఈ అంత మెలికలు తిరగవు. తెలుగు అకాడమీ పుస్తకం నీకు కంఠతా వచ్చు కనుక ఎన్‌సీఈఆర్‌టీ ఒకసారి తిరగేస్తే సరిపోతుంది. ఏ ప్రవేశ పరీక్షా లేకుండా ఇంటర్ మార్కులతోనే, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ ద్వారా నిజాం కాలేజీలోనో, కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలోనో బీఎస్సీ చేరవచ్చు. దీన్ని చిన్నచూపు చూడకు. అక్కడి నుంచి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లిన పిల్లలు నాకు తెలుసు. కాకపోతే అక్కడ నిన్ను వెనకుండి తోసేవాళ్లు ఉండరు, నీ పుస్తకం నువ్వే తెరవాలి.

జేఈఈ ఇప్పుడే వదిలేయవచ్చా అన్నావు. వదిలితే ఏమవుతుందో, ఉంటే ఏమవుతుందో రెండూ చెబుతాను.

వదిలితే అర్ధాంతరంగా కాలేజీ మారాలి. కట్టిన ఫీజు వెనక్కి రావడం కష్టం, పబ్లిక్ పరీక్షల హాల్ టికెట్ వచ్చేది ఈ కాలేజీ నుంచే. ప్రాక్టికల్స్ నెత్తి మీదున్నాయి. నాన్నతో పెద్ద గొడవ అవుతుంది, ఆ గొడవ ఖరీదు కూడా నీ నిద్రే. చదువు కారణంగా అయితే నేను వద్దనే అంటాను. ఒక్క మినహాయింపు: హాస్టల్‌లో ఉండలేనంతగా మనసు కుంగిపోతోందని నీకు, అమ్మకు, డాక్టరుకు అనిపిస్తే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఇంటికి వచ్చేయ్. పబ్లిక్ పరీక్షలు ఇంటి నుంచి చదివి రాయవచ్చు.

ఉంటే జనవరి మెయిన్స్ ఉంది, ఏప్రిల్‌లో రెండోది ఉంది. రెండింట్లో మంచి స్కోరే లెక్కలోకి వస్తుంది. ఇక్కడ నాన్నకూ నీకూ ఇద్దరికీ ఒక విషయం అర్థం కావాలి. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. 95 పర్సంటైల్ అంటే నూటికి 95 మంది నీ స్కోరు దగ్గరో, దాని కిందో ఉన్నారని. రాసేవాళ్లు 14 లక్షల పైచిలుకు. అంటే 95 వచ్చినా నీ ముందు ఇంకా 70 వేల మంది. ఐఐటీ సీటు కోసం మెయిన్స్ తర్వాత రాసే అడ్వాన్స్‌డ్‌కు రానిచ్చేది రెండున్నర లక్షల మందిని, ఐఐటీల్లో అన్నీ కలిపి సీట్లు 18 వేల దగ్గర. నీకు కలిసొచ్చేవి రెండున్నాయి: ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే, అంటే వరంగల్‌లో నీకు ఆ కోటా ఉంది. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో అమ్మాయిలకు అదనపు సీట్లు ఉన్నాయి. ఇప్పుడున్న 90 మార్కులతో ఇవేవీ అందవు. కానీ కెమిస్ట్రీ ముందు ముగించి, లెక్కల్లో నిన్ను లోపలికి లాగేవాటిని చివరికి వదిలే అలవాటు చేసుకుంటే 90 నుంచి ఎంతో కొంత పైకి రావచ్చు. ఇది నీ స్వభావానికి విరుద్ధమైన పని అని నాకు తెలుసు. అందమైన లెక్క కనిపిస్తే దాటి వెళ్లడం ఎంత కష్టమో నాకు తెలుసు తల్లీ. ఆ మూడు గంటలే అలా ఉండు. బయటికొచ్చాక ఆ లెక్క నీదే.

ఈఏపీసెట్ మాత్రం నాన్న కోసం కాదు, నీ కోసం రాయి. నెగెటివ్ మార్కులు లేవు, సగం లెక్కలే, 160లో 80. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ ఇప్పుడు లేదు కాబట్టి నీ 458 అక్కడ పనికిరావు. కానీ ఎటూ సీటు రాని రోజున మంచి కన్వీనర్ సీటు ఒకటి చేతిలో ఉంటే, మిగతా పరీక్షలు వణుకు లేకుండా రాస్తావు. ఇంజనీరింగ్‌లో చేరినంత మాత్రాన లెక్కల తలుపు మూసుకుపోదు కూడా. బీటెక్ చేసినవాళ్లు జామ్ రాసి ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కు వెళ్తున్నారు. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ అని బీటెక్ బ్రాంచే ఉంది.

(గుంటూరు నుంచి వచ్చిన నీ రూమ్మేట్ కూడా ఎంసెట్ ఇక్కడే రాస్తానంటోందని రాశావు. ఆమెకు ఈ రాత్రే చెప్పు. అంతకుముందు ఆంధ్రా పిల్లలూ పోటీ పడిన 15 శాతం తెలంగాణ కన్వీనర్ సీట్లు కూడా 2025 నుంచి తెలంగాణకు సంబంధించిన వాళ్లకే. ఆమె ఏపీ ఈఏపీసెట్‌కు దరఖాస్తు చేయాలి. అక్కడ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, కాబట్టి పబ్లిక్ పరీక్షలు తేలిగ్గా తీసుకోకూడదు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే పోగు చేసుకోమను.)

లాంగ్ టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్, గురించి భయపడుతూ అడిగావు. మెయిన్స్ వరుసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లు రాయనిస్తారు. ఇంకో ఏడాది చదివితే వేగం పెరిగే పిల్లలు ఉన్నారు. నువ్వు ఇప్పుడున్న మనఃస్థితిలో మరో ఏడాది అదే గదిలో, అదే టెస్టుల మధ్య గడపడం నాకు మంచిగా అనిపించడం లేదు. ఇప్పుడే తేల్చాల్సిన పని కాదు, జూన్ వచ్చాక నీ చేతిలో ఏముందో చూసి మాట్లాడుకోవచ్చు.

ఇన్ని చెప్పానని అన్నీ రాయకు. దరఖాస్తు ఫీజులే వేలల్లో అవుతాయి, తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మెయిన్స్, ఈఏపీసెట్ ఎలాగూ ఉన్నాయి. ఆ మధ్యాహ్నం పేపరు చేసి చూశాక ఐఎస్ఐ, సిఎంఐల మాట తేల్చుకో. ఐసర్, సీయూఈటీలలో ఒకటి కలుపు. ఇవన్నీ ఎక్కువగా ఏప్రిల్ తర్వాతే వస్తాయి. కానీ దరఖాస్తుల గడువులు మాత్రం నువ్వు పబ్లిక్ పరీక్షల్లో మునిగి ఉన్నప్పుడే దాటిపోతాయి. హాస్టల్‌లో ఫోన్ ఉండదు కనుక ఆ గడువులు చూసే పని ఇంట్లో ఒకరికి అప్పగించాలి.

ఆ ఒకరు నాన్నే అయితే బాగుంటుంది. ఆయన అడిగింది కోపంతో అనిపించింది నీకు. నాకు మాత్రం "ఏం జేస్తవు" అన్నది నిజంగా ప్రశ్నలాగే వినిపించింది. ఆయనకు తెలిసిన ఇంజనీర్లు పదిమంది ఉంటారు, లెక్కలు చదివి బతికిన మనిషి ఒక్కడూ తెలిసి ఉండడు. కాబట్టి జవాబు చెప్పు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో ఐఎస్ఐకి వెళ్లి, ప్రపంచం మెచ్చిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త అయిన సి.ఆర్. రావు గారి గురించి చెప్పు. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన రోడ్డుకు ఆయన పేరే పెట్టారు, హాస్టల్‌కి దించడానికి వచ్చినప్పుడు చూపించు. అందరూ సి.ఆర్. రావులు కారని ఆయన అంటారు, నిజమే. బ్యాంకుల్లో, ఇన్సూరెన్సులో, డేటా కంపెనీల్లో స్టాటిస్టిక్స్ వాళ్లకు ఉద్యోగాలున్నాయని చెప్పు. ఐసర్ లాంటి చోట్ల చేరినవాళ్లకు, బోర్డులో టాప్ ఒక్క శాతంలో ఉండి బేసిక్ సైన్స్ చదివేవాళ్లకు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉందని, ఏడాదికి 80 వేలని చెప్పు. దాచకుండా ఇంకోటి కూడా చెప్పు: పరిశోధన దారిలో వెళ్తే చేతికి సంపాదన వచ్చేసరికి బీటెక్ వాళ్ల కన్నా చాలా ఏళ్లు ఆలస్యం అవుతుంది. ఆ మాట నీ నోటి నుంచి ముందు వస్తే, మిగతావి ఆయన నమ్ముతారు.

జేఈఈ మానేస్తానని మొదలుపెట్టకు. "మెయిన్స్, ఎంసెట్ రాస్తా నాన్నా, వాటితో పాటు ఈ రెండు కూడా రాయనియ్యి, తేదీలు నువ్వు చూసుకో" అను. దుకాణంలో కాదు, కట్టేశాక, రాత్రి అన్నం తిన్న తర్వాత. మొదటిరోజు ఒప్పుకోకపోవచ్చు. సెలవులు ఇంకా ఉన్నాయి కదా, ఒకరోజు వదిలి మళ్లీ అడుగు. అయినా కాదంటే మెయిన్స్, ఈఏపీసెట్ రాసి బీటెక్‌లో చేరే దారి ఉంది, అక్కడి నుంచి జామ్ ఉంది. ఆలస్యమవుతుంది, అంతే. ఒప్పుకుని ఐఎస్ఐ రాశాక సీటు రాకపోతే "చెప్పానా" అంటారేమోనని భయం నీకు. అనవచ్చు. ఆ మాట ముందే విని ఉంచుకో, అప్పుడు అంత గుచ్చుకోదు.

ఆ కాగితం సంగతి. వరుస సంఖ్యల్లో మొదటిదాన్ని, చివరిదాన్ని గుణించి, మధ్య రెండింటినీ గుణించి చూశావు, రెండు లబ్ధాలకూ తేడా ఎప్పుడూ రెండేనని పట్టుకున్నావు. అక్కడి నుంచి వర్గం దానంతటదే వచ్చింది. చాలా శుభ్రంగా చేశావు. ఇప్పుడు వరుస సంఖ్యల బదులు వరుస సరి సంఖ్యలు తీసుకో: 2, 4, 6, 8. గుణిస్తే 384. ఒకటి కలిపితే వర్గం రాదు. ఎంత కలపాలి? అది 4, 6, 8, 10కీ పనిచేస్తుందా? మూడేసి అంకెల దూరంలో ఉన్న సంఖ్యలకైతే? హాస్టల్‌కి వెళ్లేలోపు చేసి, అమ్మతో మాట్లాడానన్న మాటతో కలిపి నాకు రాయి.